సూది దాచుకోనక్కర్లేని మూడు రోజులు: షుగర్ పిల్లల క్యాంపు లోపలి లెక్కలు

కళ్యాణదుర్గం పక్క పల్లెలోనో, ఆలూరులోనో, జమ్మలమడుగులోనో ఏడో తరగతి చదివే ఒక పాపకు టైప్ 1 షుగర్ ఉందనుకుందాం. బడి మొత్తంలో ఆ జబ్బున్నది ఆ పాప ఒక్కతే. ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లంతా యాభై దాటిన పెద్దలు. మాత్రలు మింగుతారు, పొద్దున్నే నడకకు పోతారు, ఈ పాపను చూసి ‘తీపి ఎక్కువ తిన్యావేమో పాపా’ అంటారు. మధ్యాహ్నం సూది వేసుకోవాలంటే బడిలో తలుపున్న చోటు మరుగుదొడ్డి ఒక్కటే. అక్కడ నిలబడి వేసుకోవడం కంటే మానేయడం సులువు. మానేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇది తిండి తెచ్చిన జబ్బు కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేయడం వల్ల వస్తుంది. మాత్రలు పనిచేయవు. ఇన్సులిన్ పూర్తిగా ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పిల్లలకు జబ్బు ఒక రోజువారీ ఉద్యోగం: రోజుకు రెండు నుంచి నాలుగు సూదులు, మూడు నాలుగు సార్లు వేలికి గుచ్చి చూసుకోవడం, ముద్ద తినే ముందు లెక్క, ఆడే ముందు లెక్క. ఆ ఉద్యోగం చేస్తున్న ఇంకో పిల్లవాణ్ణి జీవితంలో చూడకుండానే పదో తరగతికి వచ్చేవాళ్లున్నారు. ఆటపాటల క్యాంపు నేరుగా పనిచేసేది ఈ ఒంటరితనం మీదే. అయితే క్యాంపును ఏర్పాటు చేసేవాళ్లు ఆటలు, పాటలు, టీషర్టుల మీద పెట్టే శ్రద్ధ ఇన్సులిన్ యూనిట్ల లెక్క మీద పెట్టకపోతే, మంచి చేయబోయి పిల్లల్ని ఐసీయూకి పంపిస్తారు. ఈ రెండు సంగతులూ విడదీయరానివి.

ఇన్సులిన్‌ను టొరంటోలో 1921లో కనిపెట్టారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక పిల్లవాడికి ఎక్కించారు. అంతకుముందు ఈ పిల్లల్ని అర్ధాకలితో ఉంచి కొన్ని నెలలు ఎక్కువ బతికించడమే వైద్యం. 1925కల్లా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షుగర్ పిల్లల కోసం మొదటి వేసవి క్యాంపు పెట్టేశారు. మందు అందిన మూడేళ్లకే, మందొక్కటే చాలదని డాక్టర్లకు అర్థమైపోయిందన్న మాట. నూరేళ్లయినా మన జిల్లాల్లో ‘షుగర్ క్యాంపు’ అంటే ఇంకా షామియానా వేసి, బీపీ చూసి, మాత్రల పొట్లం చేతిలో పెట్టి పంపడమే.

వరసలో కూర్చుంటే ఏం మారుతుంది

ఎనిమిదిన్నరకు టిఫిను. ఎనిమిదికే 30 మంది పిల్లలు చాప మీద వరసగా కూర్చుంటారు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎవరి మీటరుతో వాళ్లు చూసుకుంటారు. అంకెలు బయటికే చెబుతారు: 142, 96, 288. 288 విని ఎవరూ మొహం చిట్లించరు. అమ్మ ‘నిన్న ఏం తిన్నావ్?’ అని నిలదీయదు. తర్వాత సూది. ఇంట్లో పన్నెండేళ్లు వచ్చినా అమ్మే వేయాలని పట్టుబట్టే పిల్లవాడు, పక్కన ఎనిమిదేళ్ల పిల్ల చొక్కా అంచు పైకెత్తి తనకు తానే గుచ్చుకుని లేచిపోవడం చూస్తాడు. మొదటి పూట ఊరికే చూస్తాడు. రెండో రోజుకు ‘నేనే ఏసుకుంటా, నువ్వు పట్టుకోవద్దక్కా’ అనే మాట చాలామంది నోట వస్తుంది. డాక్టరు ఏడాదంతా ఓపీలో చెప్పినా రానిది అక్కడ వస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ చెప్పరు.

అందుకే క్యాంపులో ఉపన్యాసాలు పెట్టడం మాకు నచ్చదు. ప్రొజెక్టరు పెట్టి క్లోమం బొమ్మ చూపిస్తే పిల్లలు నిద్రపోతారు. నేర్పాల్సింది ఆటలోనే నేర్పాలి. బారాకట్ట గళ్ల మీద తిండి పేర్లు రాసి, పావు పడిన గడిలో ఎంత పిండిపదార్థం ఉందో చెప్పినవాడికి ఇంకో పందెం ఇస్తే, గంటలో పట్టిక మొత్తం నోటికి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సొంతంగా సూది వేసుకోవడం వచ్చిందంటే బాధ్యత మొత్తం బిడ్డకు అప్పగించేయమని కాదు. సాధారణంగా ఎనిమిది పదేళ్ల మధ్య పెద్దవాళ్లు చూస్తుండగా వేసుకోగలరు. మోతాదు నిర్ణయంలో మాత్రం పదిహేను పదహారేళ్ల దాకా పెద్దల కన్ను ఉండాల్సిందే. తొందరపడి వదిలేసిన ఇళ్లలో మూడు నెలల షుగర్ సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, పెరిగిపోతుంది. క్యాంపులో ధైర్యం వచ్చిన బిడ్డను చూసి ‘ఇంక నీ పని నువ్వే చూసుకో’ అనే తండ్రులకు ఇది గట్టిగా చెప్పి పంపాలి.

పెద్దపిల్లల మీద అందరికంటే బాగా పనిచేసేది అదే జబ్బున్న ఇరవై ఏళ్ల వలంటీర్లు. డిగ్రీ చదువుతూనో, ఉద్యోగం చేస్తూనో ఉన్న అన్న జేబులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి వేసుకుంటే, ‘నాకు ఉద్యోగం వస్తుందా’ అన్న ప్రశ్న సగం తీరిపోతుంది. ఆ వలంటీర్లకూ రాత్రి ‘లో’ అవుతుందని, అంటే రక్తంలో చక్కెర బాగా పడిపోతుందని మాత్రం నిర్వాహకులు మర్చిపోతుంటారు. చూసుకోవాల్సిన పట్టికలో వాళ్ల పేర్లూ ఉండాలి.

ముందు యూనిట్లు తగ్గించాలి, ఆ తర్వాతే ఆట

ఇంట్లో బడి, ట్యూషన్, టీవీ మధ్య తిరిగే బిడ్డ క్యాంపులో రోజుకు నాలుగైదు గంటలు పరుగెత్తుతుంది. ఆడేటప్పుడు కండరం ఇన్సులిన్ పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. ఆట ఆగాక కూడా, ఖర్చయిన నిల్వను నింపుకోవడానికి గంటల తరబడి లాక్కుంటూనే ఉంటుంది. సాయంత్రం ఖోఖో ఆడిన బిడ్డకు అర్ధరాత్రి దాటాక లో అయ్యేది ఇందుకే. కాబట్టి చాలామంది పిల్లలకు మొదటి రోజు నుంచే మోతాదును 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. రోజుకు 30 యూనిట్లు వేసుకునే బిడ్డకు 24–27 అన్న మాట. ఎవరికి ఎంత అనేది క్యాంపు డాక్టరు, ఆ బిడ్డ గత రెండు వారాల నోటు పుస్తకం చూసి నిర్ణయించాలి.

ఆ పుస్తకం విషయంలోనే అసలు చిక్కు ఉంది. డాక్టరు చీటీలో 40 యూనిట్లు అని ఉంటుంది. ఇంట్లో బిడ్డ నిజంగా వేసుకునేది 25. మధ్యాహ్నం సూది బడిలో ఎగ్గొడుతుంది, పుస్తకంలో మాత్రం అంకె రాసేస్తుంది. క్యాంపులో అందరి ముందు, పెద్దల కళ్ల ముందు మొత్తం 40 వేస్తారు, పైగా ఆట. ఆ రాత్రి వచ్చే లో మామూలు లో కాదు. చీటీ చూసి మోతాదు వేయకూడదు. చేరే రోజు బిడ్డను పక్కకు పిలిచి, అమ్మానాయన లేనప్పుడు, ‘వారంలో ఎన్నిసార్లు తప్పుతుంది?’ అని అడగాలి. ‘తప్పుతుందా?’ అని అడిగితే ‘లేదన్నా’ అనే వస్తుంది.

రెండో ఉచ్చు గడ్డలు. ఒకే చోట నెలల తరబడి గుచ్చుకున్న పిల్లలకు పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లలు మళ్లీ అక్కడే గుచ్చుకుంటారు. గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒక రోజు పీల్చుకుంటుంది, ఒక రోజు పీల్చుకోదు. నర్సు వేళ్లతో తడిమి చూస్తే బఠాణీ గింజంతనో, ఇంకా పెద్దగానో తగులుతుంది. క్యాంపులో అది బయటపడుతుంది, మంచిదే. ‘ఇక్కడ వద్దు నాయనా, ఈ పక్కన వేసుకో’ అని చోటు మారుస్తారు. చోటు మార్చి మోతాదు తగ్గించడం మర్చిపోతే ఇన్నాళ్లూ సగం వృథా అయిన ఇన్సులిన్ మొత్తం ఒక్కసారిగా పనిచేస్తుంది. మంచి సలహా ఇచ్చిన రాత్రే బిడ్డ స్పృహ తప్పుతుంది. చోటు మార్చిన పిల్లల పేర్లకు రాత్రి పట్టికలో గుర్తు పెట్టుకోవాలి.

ఆడే ముందు చూస్తే 100 కంటే తక్కువుంటే 10–15 గ్రాముల పిండిపదార్థం తిని దిగాలి, ఒక చిన్న అరటిపండు చాలు. 250 దాటి ఉంటే మూత్రంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు, ఉన్నాయేమో చూడాలి. కీటోన్లు ఉంటే ఆట లేదు, నీళ్లు తాగించి డాక్టరు దగ్గర కూర్చోబెట్టాలి. పరుగెత్తే రోజున తొడకు కాక పొట్టకు వేసుకుంటే మేలు, పరుగులో తొడ కండరం వేడెక్కి ఇన్సులిన్‌ను తొందరగా లాక్కుంటుంది.

కబడ్డీ దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు. ఉన్నట్టుండి బలమంతా వాడే ఆటల్లో అడ్రినలిన్ వల్ల షుగర్ మొదట పెరుగుతుంది. 120తో దిగిన పిల్లవాడు కూత ముగించి వచ్చేసరికి 230 ఉండొచ్చు. అది చూసి అదనంగా సూది వేస్తే గంటన్నరలో పడిపోతాడు. ఆ 230ని ముట్టుకోకుండా వదిలేసి, గంట తర్వాత మళ్లీ చూడాలి.

లో అయినప్పుడు

70 కంటే తక్కువైతే లో. 54 కంటే దిగితే ప్రమాదం. ‘అక్కా, కాళ్లు వణుకుతాండాయి’ అని బిడ్డ చెబితే మీటరు కోసం పరుగెత్తనక్కర్లేదు. మీటరు చేతిలో ఉంటే చూడండి, లేకపోతే ముందు చక్కెర ఇవ్వండి. బరువుకు కిలోకు 0.3 గ్రాములు సరిపోతుంది: 20 కిలోల బిడ్డకు 6 గ్రాములు, 50 కిలోల కుర్రాడికి 15. టీ చెంచా సమంగా తీస్తే నాలుగు గ్రాముల పైచిలుకు. అంటే చిన్నపిల్లలకు చెంచాన్నర, పెద్దపిల్లలకు మూడున్నర చెంచాలు, అరగ్లాసు నీళ్లలో కలిపి. 15 నిమిషాలకు మళ్లీ చూడాలి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి.

చాక్లెట్, పాలు, చెనిక్కాయ ఉండలు లోకు మందు కాదు. కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. కంగారులో వలంటీరు లడ్డూ తినిపిస్తాడు, పది నిమిషాలకు 58 కాస్తా 55 అవుతుంది, ఇంకో లడ్డూ తినిపిస్తాడు, రెండు గంటల తర్వాత 340. ఆ రోజంతా అటూ ఇటూ ఊగుతుంది.

స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ సూది ఇవ్వాలి. 25 కిలోల లోపు బిడ్డకు 0.5 మిల్లీగ్రాములు, ఆపైన 1 మిల్లీగ్రాము. గ్లూకగాన్ మన మందుల షాపుల్లో అడగ్గానే దొరికేది కాదు, ముందే తెప్పించుకోవాలి. లేకపోతే క్యాంపు డాక్టరు 10 శాతం డెక్స్‌ట్రోజ్‌ను కిలోకు 2 మిల్లీలీటర్ల చొప్పున నరానికి ఎక్కిస్తారు. అది చేయగల మనిషి 24 గంటలూ ఆవరణలో లేకుండా రాత్రి బస క్యాంపు పెట్టకూడదు. అలాంటప్పుడు పగటి క్యాంపుతో సరిపెట్టుకోవడమే బుద్ధి.

సంగటి, ఉగ్గాని, వంటమనిషి

వంట బయటివాళ్లకు అప్పగించేటప్పుడు ‘షుగర్ పిల్లలు’ అనే మాట అనకపోతే నయం. ఆ మాట వినగానే వంటమనిషి జాలిపడి అన్నం తగ్గించి, కూరగాయ ముక్కలు పెంచేస్తాడు. పెద్దల షుగర్‌కు చెప్పే పథ్యం అది. వీళ్లు ఎదిగే పిల్లలు, ఇన్సులిన్ వేసుకుని కూర్చున్నారు. వేసిన యూనిట్లకు తగ్గ ముద్ద పడకపోతే లో అవుతుంది. వంటమనిషికి చెప్పాల్సింది రెండే: గరిటె మార్చొద్దు, వేళ తప్పొద్దు.

వేళ గురించి ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి: అన్నం గంగాళం కళ్లకు కనపడేదాకా సూది తీయకూడదు. పన్నెండున్నరకు అందరికీ వేసేసి, భోజనం ఆటో ఒకటిన్నరకు వస్తే ఒకేసారి పదిమందికి లో అవుతుంది. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్‌ను తినడానికి అరగంట ముందు, కొత్తరకం త్వరితంగా పనిచేసేవాటిని పది పదిహేను నిమిషాల ముందు వేయాలి. పొద్దున, రాత్రి రెండు పూటలే మిశ్రమ ఇన్సులిన్ వేసుకునే పిల్లలు పెద్దాసుపత్రుల నుంచి ఎక్కువగా వస్తారు. వాళ్లకు మధ్యాహ్నం సూది లేకపోయినా పొద్దున వేసినది మధ్యాహ్నానికి జోరు మీద ఉంటుంది, కాబట్టి భోజనం ఆలస్యమైతే మొదట పడిపోయేది వాళ్లే. వడ్డన వాళ్లతోనే మొదలుపెట్టాలి.

మన తిండి లెక్కలు పాఠ్యపుస్తకాల్లో దొరకవు, కాటా పెట్టుకుని చూసుకోవాలి. చిన్న ఇడ్లీ ఒకటికి పిండిపదార్థం ఇంచుమించు 10–12 గ్రాములు. 50 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టెకు 34. సంగటి గురించి ఇక్కడ పెద్ద అపోహ ఉంది: రాగి కాబట్టి షుగర్ పెరగదని. 100 గ్రాముల రాగిపిండిలో 67 గ్రాముల దాకా పిండిపదార్థమే, సంగటిలో పడే బియ్యపు నూకలు అదనం. 60 గ్రాముల పొడి దినుసులతో చేసిన ముద్దకు 40 గ్రాములు దాటుతుంది. ఇంట్లో ముద్ద సైజు చేసే చేతిని బట్టి మారుతుంది, జేజి ముద్ద వేరు, అమ్మ ముద్ద వేరు. క్యాంపులో గిన్నెతో కొలిచి తిప్పాలి. ఉగ్గాని ఇంకో రకం. బొరుగులు తడిసి పిండేసరికి ప్లేటులో కొంచెమే కనపడతాయి, 40 గ్రాముల బొరుగుల్లో 30 గ్రాములకు పైనే ఉంటుంది, అదీ చాలా వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. ఉగ్గాని వద్దనక్కర్లేదు, అనంతపురంలో పెట్టే క్యాంపులో ఉగ్గాని బజ్జీ లేకపోతే పిల్లలు ఊరుకోరు. పప్పుల పొడి, పల్లీలు బాగా పడేలా చూసి, కొలత పాటిస్తే చాలు.

ఒకరోజు ఓళిగలు (బొబ్బట్లు) పెట్టడం కూడా మంచిదే. ఎంత తింటే ఎంత వేయాలో పెద్దల సమక్షంలో నేర్చుకున్న బిడ్డ ఉగాదికి దొంగతనంగా తినదు.

రాత్రి

క్యాంపు మంచిచెడ్డలు తేలేది రాత్రిపూటే. పదింటికి ఒకసారి, రెండు మూడు గంటల మధ్య ఒకసారి అందరికీ చూడాలి. పడుకునేటప్పుడు 120 కంటే తక్కువుంటే పాలు, రెండు బిస్కెట్లు, గుప్పెడు పల్లీల్లాంటిది పెట్టాలి. ఇక్కడ మాత్రం నిదానంగా అరిగేదే కావాలి. రెండింటప్పుడు టార్చితో ఇద్దరు వెళ్లాలి, ఒకరు గుచ్చడానికి, ఒకరు రాయడానికి. నిద్రపోతున్న బిడ్డను లేపనక్కర్లేదు, వేలు మెల్లగా బయటికి లాగితే చాలు. చెమట పట్టిన మెడ, తడిసిన దిండు కనపడితే వరస ఆపి ముందు అక్కడికి వెళ్లాలి.

అంకె నమ్మశక్యం కాకపోతే వేలు కడగండి. పాకం అంటిన వేలికి గుచ్చితే 380 చూపిస్తుంది, కడిగి చూస్తే 140 ఉంటుంది. ఆ 380కి రాత్రిపూట సూది వేశారంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

స్ట్రిప్పుల లెక్క: 30 మంది, రోజుకు 7 సార్లు, 3 రోజులు, మొత్తం 630. మళ్లీ చూసుకునేవాటికి కలిపి 750, అంటే 50 వచ్చే డబ్బాలు 15. ఒకే మీటరు, ఒకే గుచ్చే పెన్నుతో అందరికీ కానిచ్చేయడం నేరంతో సమానం. హెపటైటిస్ బీ ఇలా పాకిన సంఘటనలు ప్రపంచంలో చాలాచోట్ల నమోదయ్యాయి. వాడిన సూదులు 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి పోయి, ఆసుపత్రికి చేరాలి. నీళ్ల సీసాలో వేసి చెత్తకుండీలో పడేస్తే పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకుంటాయి.

ఎర్ర మూత, నారింజ మూత

మన దేశంలో వయల్‌లో, అంటే చిన్న గాజు సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్ను కార్ట్రిడ్జ్‌లో వచ్చేది 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. పెన్ను పాడైందని ఎవరో కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే, లోపలికి పోయేది 25 యూనిట్లు. అటుది ఇటు చేస్తే 10 అనుకున్నది 4 అవుతుంది. అందరి మందులూ ఒకే ఫ్రిజ్‌లో కలిపి పెట్టే క్యాంపులో ఈ తప్పు జరగడానికి ఒక్క కరెంటు కోత, ఒక్క హడావుడి పూట చాలు. ఒక్కో బిడ్డకు పేరు, ఫొటో, మోతాదు అంటించిన జిప్ సంచి, అందులోనే ఆ బిడ్డ సిరంజులు. పెన్ను చెడిపోతే మారుపెన్ను, సిరంజి కాదు.

తెరవని ఇన్సులిన్ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఆగుతుంది. ఐసు ముక్కలకు తగలనివ్వకూడదు, ఒకసారి గడ్డకట్టినది కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు. కరెంటు నమ్మకం లేని చోట, వాడుతున్న ఇన్సులిన్‌కు కుండలో కుండ పెట్టి, మధ్య ఇసుక నింపి తడుపుతుంటే సరిపోతుంది. గాలి పొడిగా ఉండే అనంతపురంలో ఈ పద్ధతి కోస్తాలో కంటే బాగా పనిచేస్తుంది. బడి సెలవులని మే నెలలో మాత్రం పెట్టొద్దు. నలభై దాటిన ఎండలో మీటర్లు ఎర్రర్ చూపిస్తాయి, ఇన్సులిన్ తొందరగా ఎక్కుతుంది, పిల్లలు నీరసిస్తారు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో, రెండో శనివారం కలిసొచ్చేలా చూసుకోవడం మేలు.

బయటికి తీసుకెళ్లాలంటే కర్నూలు వాళ్లకు ఓర్వకల్లు రాతివనం సుఖం, దారి పక్కనే ఉంది, వాహనం దగ్గరగా ఉంటుంది. బెలుం గుహలు పిల్లలకు మహా ఇష్టం కానీ లోపల ఉక్కకు అందరికీ చెమట పడుతుంది. లో అయినప్పుడు పట్టే చెమటా అలాగే ఉంటుంది కాబట్టి ఆనవాలు పట్టలేం. సందర్శకులు నడిచే దారే కిలోమీటరున్నర, లోపల ఫోను పనిచేస్తుందని నమ్మలేం. వెళ్తే పదిమంది బృందాలుగా, దిగే ముందు ప్రతి ఒక్కరికీ చూసి, ప్రతి జేబులో గ్లూకోజు పొట్లం ఉంచి వెళ్లాలి. గండికోటలో బూట్లు లేని పిల్లల్ని రాళ్ల మీద నడిపించొద్దు.

ఫ్లెక్సీ కట్టకండి

దాతలు వస్తారు. బ్యానరు కట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి, పండ్లు ఇస్తూ ఫొటో దిగాలనుకుంటారు. ఆ ఫొటో రాత్రికి వాట్సాప్‌లో ఊరికి చేరుతుంది. ఆడపిల్లకు షుగర్ ఉన్న సంగతి పెళ్లయ్యేదాకా గుట్టుగా ఉంచాలని పంతం పట్టిన కుటుంబాలు ఎన్నో. ఆ ఆలోచన సరైందా కాదా అన్నది వేరే చర్చ. ఒక్క ఫొటో బయటపడితే ఆ పాపను వచ్చే ఏడాది పంపరు, కొన్ని ఇళ్లలో ఆసుపత్రికి తీసుకురావడమే తగ్గిస్తారు. ముఖాలు కనపడే ఫొటో ఏదీ తల్లిదండ్రుల సంతకం లేకుండా, బిడ్డ సరే అనకుండా బయటికి పోకూడదు. దాతకు వీడ్కోలు భోజనం పెట్టండి, ఫొటో మాత్రం వద్దు. ఆడపిల్లల బసలో మహిళా వలంటీర్లే ఉండాలి. ఏ బిడ్డతోనూ పెద్దవాళ్లు ఒక్కరే గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు.

ఇతర జబ్బుల పిల్లల్ని కలిపి ఒకే క్యాంపు పెడదామనే ఆలోచన మొదటి ఏడాది వద్దు. తలసీమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, కాబట్టి వాళ్ల క్యాంపు ఎక్కించిన వారంలోనే పెట్టాలి, లేకపోతే ఆటకు ఓపికుండదు. వాళ్లలో ప్లీహం తీసేసిన బిడ్డకు జ్వరమొస్తే ఆట కాదు, నేరుగా ఆసుపత్రి. దెబ్బ తగిలితే రక్తం ఆగని హిమోఫీలియా పిల్లలకు కబడ్డీ కుదరదు, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ చల్లపెట్టెలో సిద్ధంగా ఉండాలి. ఒకరికి మందయిన ఆట ఇంకొకరికి ముప్పు.

ఇంటికెళ్లాక

క్యాంపు వల్ల హెచ్‌బీఏ1సీ తగ్గుతుందా అంటే, తగ్గినా కొద్దిగానే, అదీ కొన్ని నెలల్లో మళ్లీ పాత చోటికి వస్తుంది. జబ్బు గురించిన అవగాహన, సొంతంగా చేసుకోగలనన్న నమ్మకం మాత్రం పెరుగుతాయి. ఆ నమ్మకాన్ని ఇల్లు, బడి నిలబెట్టకపోతే రెండు నెలల్లో బిడ్డ మళ్లీ మరుగుదొడ్డి తలుపు వెనక్కే వెళ్తుంది.

చివరి పూట తల్లిదండ్రులకు కేటాయించాలి. జేజి, తాతలనూ రమ్మనాలి. ‘ఒక్క నెల మా పసరు మందు వాడండి, సూది అక్కర్లేదు’ అనే మాట ఎక్కువగా ఇంటి పెద్దల ద్వారానే వస్తుంది, ఆ మాట విని ఇన్సులిన్ ఆపిన ఇళ్లలో పిల్లలు వాంతులతో, ఎగశ్వాసతో ఆసుపత్రికి వస్తారు, కొందరు రారు. అప్పుడు డాక్టరు కంటే, పదేళ్లుగా బిడ్డను సాకిన ఇంకో తల్లి చెబితే బాగా ఎక్కుతుంది. ఆమెకే మైకు ఇవ్వండి.

ఇంటికి తీసుకెళ్లే కాగితాలు రెండు. ఒకటి క్యాంపు ముగిసేనాటి మోతాదు, ఇంట్లో ఆట తగ్గుతుంది కాబట్టి ఎన్ని రోజుల్లో ఎంత పెంచాలో తేదీలతో సహా. ఇది ఇవ్వకపోతే తగ్గించిన మోతాదు మీదే ఉండిపోయి, వారంలో షుగర్ మూడొందలు దాటుతుంది. రెండోది హెచ్‌ఎం సారుకు ఉత్తరం: లో లక్షణాలు, స్టాఫ్ రూములో గ్లూకోజు డబ్బా, తరగతిలో తినడానికి, నీళ్లు తాగడానికి, బయటికి వెళ్లడానికి అనుమతి, సూది వేసుకోవడానికి శుభ్రమైన చోటు. టైప్ 1 పిల్లలు పరీక్ష హాలులోకి తినుబండారాలు తీసుకెళ్లడానికి సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతిచ్చింది. ఈ పిల్లల విషయంలో బడులు ఏం చేయాలో జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఈ రెండు సంగతులూ ఉత్తరంలో రాస్తే పని తొందరగా అవుతుంది. పీఈటీ సారుకు ఒక ప్రతి విడిగా ఇవ్వండి, ఆటల పీరియడ్‌లో బిడ్డను పక్కన కూర్చోబెట్టేది ఆయనే.

క్యాంపు పిల్లలందరికీ నెలవారీ ఇన్సులిన్ ఒకే రోజు ఓపీలో ఇచ్చేలా ఆసుపత్రితో మాట్లాడుకుంటే, పైసా ఖర్చు లేకుండా నెలకోసారి వాళ్లు మళ్లీ కలుస్తారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు పెట్టొచ్చు, ఒక్క షరతుతో: గ్రూపులో ఎవరూ ఇంకొకరి బిడ్డకు యూనిట్లు చెప్పకూడదు. మీటరు ఫొటో పెట్టి ‘ఎంత ఏయమంటారన్నా’ అని అడిగితే జవాబు డాక్టరుదే. వాంతులు అవుతున్నాయని మెసేజ్ వస్తే మాత్రం డాక్టరు జవాబు కోసం కూడా ఆగొద్దు, 108కి ఫోను చేయాలి.